నాలుగడుగుల రెండంగుళాలు

ఫిబ్రవరి 24, సోమవారం. బీపీ 158/96.

ఇది డాక్టర్ పావ్లిక్ ఆజ్ఞ. కోపం వస్తే అరవకూడదట, పుస్తకంలో రాసుకోవాలట. ఉప్పు తగ్గించమంది, బేకన్ మానమంది, మీటింగుల్లో లేచి నిలబడటం కూడా మానమంది. ఆ మూడో సంగతి డాక్టరు చెవిన వేసింది ఎవరో నాకు తెలుసు. పక్కన కాఫీ హోటలు నడిపే నెడ్రా రూప్ తప్ప ఇంకెవరూ అయ్యుండరు.

సరే, రాస్తున్నాను. మొన్న గురువారం లైబ్రరీ హాల్లో మీటింగు జరిగింది. మెయిన్ వీధి బాగుపడాలంటే ఇక్కడి దుకాణాలన్నీ కలిసి ఒక ప్రత్యేక పన్ను మండలం కావాలట. మామూలు ఆస్తిపన్ను మీద మేమంతా ఇంకో పన్ను నెత్తికెత్తుకుంటే, ఆ డబ్బు వేరే ఎక్కడికీ పోకుండా ఈ వీధికే ఖర్చు పెడతారట. కొత్త ఫుట్‌పాత్, కొత్త దీపస్తంభాలు, వాటికి వేలాడే పూలబుట్టలు. ముప్పై ఏడేళ్ళుగా కుట్టుమిషన్లూ వాక్యూమ్ క్లీనర్లూ బాగుచేసుకుని బతికేవాణ్ణి, పూలబుట్టలకు పన్ను కట్టమంటే ఒంటికాలి మీద లేవనా? లేచాను. "గ్రీసర్ దుకాణం ఈ కాగితం మీద సంతకం పెట్టదు. నేను బతికుండగా పెట్టదు" అన్నాను. వందమంది విన్నారు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఒక్కడే అనుకుంటా.

పైగా ఇది తలల లెక్క కాదు, అడుగుల లెక్క. వీధివైపు ఎవరి దుకాణం ఎన్ని అడుగుల వెడల్పుందో కొలిచి, మొత్తంలో నూటికి అరవై అడుగుల సొంతదార్లు సంతకం పెడితే మండలం వచ్చేస్తుంది. పెట్టనివాళ్ళు కూడా కట్టి తీరాల్సిందే. దీన్ని వాళ్ళు ప్రజాస్వామ్యం అంటున్నారు.

రాస్తే తగ్గుతుందంది. మళ్ళీ చూసుకున్నాను. 161.

ఫిబ్రవరి 27, గురువారం. 149/92.

పొద్దున్నే నెడ్రా హోటల్‌కు వెళ్ళాను. కాఫీ కోసం. ఇంట్లో చేసుకుంటే అరకప్పు మిగిలి వృథా అవుతోంది.

"ఏం గ్రీసరూ, బతికుండగా సంతకం పెట్టనన్నావుగా. ఇంకా ఎన్నాళ్ళుంటావో డాక్టర్ని అడిగావా?" అంది కాఫీ పోస్తూ.

"నీ కాఫీ తాగుతుంటే ఎన్నాళ్ళో ఉండనులే."

"మరి రోజూ ఎందుకొస్తావు?"

"దగ్గర కాబట్టి."

అప్పుడు చెప్పింది. హైవే పక్కన కట్టిన కొత్త దుకాణాల సముదాయంలో వాళ్ళు ఆమెకు చోటిస్తామన్నారట. నేల చదును, ముందు కావలసినంత పార్కింగు. ఇక్కడ ఆమె గుమ్మం ముందు చెట్టు వేరు ఫుట్‌పాత్ బండను జానెడు పైకి లేపేసింది. గత నెల ఉత్తరాలు పంచే ఆర్డిస్ అక్కడే బోర్లాపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. బాగుచేయించడానికి ఊరి ఖజానాలో డబ్బుల్లేవంటారు.

"నా దగ్గరకొచ్చేవాళ్ళంతా డెబ్భై దాటినవాళ్ళే. ఒక్కొక్కళ్ళ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకుంటున్నా. నేను ఆపిల్ పైలు కాల్చుకోనా, వీళ్ళని మోసుకోనా? మండలం వస్తే ఉంటా. రాకపోతే మే ఒకటిన అక్కడ కాగితం రాసేసుకుంటా."

"వెళ్తే వెళ్ళు. కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అన్నాను.

ఉంటుంది కూడా. హైవే దాకా కాఫీ కోసం నేను కారు తీయను, అంతే తేడా. దీని గురించి ఇంకేమీ రాయాల్సింది లేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం.

వెళ్తే వెళ్ళనీ.

మార్చి 3, సోమవారం. 155/94.

రాత్రంతా మంచు కురిసింది. ఆరింటికి పార తీసుకుని దిగేసరికి మెట్ల ముందు అప్పటికే శుభ్రం. నెడ్రా గుమ్మంలో నిలబడి, పార భుజాన వేసుకుని నవ్వుతోంది.

మెట్లంటే మా రెండు దుకాణాల మధ్య ఉన్న సన్నటి మెట్లదారి. కింద ఒక తలుపు, పైన ఎడమవైపు నా గోదాము, కుడివైపు ఆమె గోదాము. అది మా తాత కట్టించింది, నాది. అబద్ధం, అది తన భవనంతో పాటే వచ్చిందంటుంది ఆమె. ఆమె ఈ హోటలు కొన్న మొదటి వారంలో మొదలైంది ఈ తగాదా, ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఎవరిదో తేలాలంటే ఎవరు చూసుకుంటున్నారో చూడాలి కదా. అందుకని మంచు పడితే ఆమె కంటే ముందు నేను, నా కంటే ముందు ఆమె. మెయిన్ వీధి మొత్తంలో అంత శుభ్రమైన చోటు ఇంకోటి ఉండదు.

"ఐదూ నలభైకే లేచా. నా మెట్లు, నేను కాక ఎవరు చూస్తారు?" అంది.

నేను లోపలికి వెళ్ళి మంచు కరగడానికి వేసే ఉప్పు సంచీ తెచ్చి ఆమె ఎదురుగానే మెట్ల ముందంతా చల్లాను. నాకు తగ్గించమన్న ఉప్పు, ఎలాగైనా ఖర్చవ్వాలి.

మార్చి 8, శనివారం.

టాలియా బ్రాండ్‌బెరీ దుకాణానికి వచ్చింది. వీధి బాగుచేయించడానికి ఊరు జీతమిచ్చి పెట్టుకున్న పిల్ల, ఈ పన్ను మండలమంతా ఆమె తలలోంచే పుట్టింది. ముప్పై కూడా ఉండవు. వాళ్ళమ్మ కుట్టుమిషన్ అంటూ ఒకటి మోసుకొచ్చింది. బెల్టు ఊడింది, రెండు నిమిషాల పని. దానికోసం రాలేదని తెలుస్తూనే ఉంది.

"గ్రీసర్ గారూ, కౌంటీ పటాల్లో కొలతలు వందేళ్ళ నాటివి. ఎవరూ నమ్మట్లేదు. వీధంతా మళ్ళీ కొలిచిపెడతారా?"

"నేను మీకు వ్యతిరేకం, గుర్తుందా?"

"అందుకే అడుగుతున్నానండీ. మీరు కొలిస్తే మా వైపు మొగ్గారని ఒక్కరు కూడా అనరు. పైగా ఈ ఊళ్ళో అంగుళం తేడా లేకుండా కొలిచేది మీరేనట. నెడ్రా గారు చెప్పారు."

"ఏమని చెప్పింది?"

"మీకు మనసు లేకపోయినా టేపుందని."

కుదరదన్నాను. ఇంకెవరో గుడ్డ టేపు పట్టుకుని తప్పుడు కొలతలు రాస్తుంటే చూస్తూ కూర్చోలేను కాబట్టి, తర్వాత సరేనన్నాను.

మార్చి 14, శుక్రవారం. 144/90.

మూడు రోజులు కొలిచాను. నెడ్రా టేపు రెండో కొస పట్టుకుంది. ఎవరో ఒకరు పట్టుకోవాలి, హోటలు మధ్యాహ్నం రెండింటికే మూసేస్తుంది, అంతకుమించి ఏమీ లేదు.

"లాగి పట్టుకో. టేపు సడలుతోంది."

"లాగితే నువ్వు పడతావు గ్రీసరూ, మనిషివి కాస్త తేలిగ్గా ఉన్నావు. నాలుగు బంగాళాదుంపలు తిను."

నా దుకాణం ఇరవై రెండడుగులు. ఆమెది ఇరవై నాలుగు. మధ్యలో మెట్లదారి నాలుగడుగుల రెండంగుళాలు. ఇద్దరం దాని ముందు నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నా ఖాతాలో రాయి" అంది.

"నా ఖాతాలో రాస్తా."

చివరికి విడిగా రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. ముగ్గురం కలిసి చర్చిలో చేపల వేపుడు తినడానికి వెళ్ళాం. టాలియా రెండు సార్లు వడ్డించుకుంది. మంచి పిల్లే, ఆ పూలబుట్టల పిచ్చి ఒక్కటి తీసేస్తే.

మార్చి 20, గురువారం.

నెడ్రా పళ్ళాలకు పాత పేపర్లు చుడుతోంది. ఎందుకని నేను అడగలేదు.

మార్చి 25, మంగళవారం. 160/97.

సంతకాల గడువు ఏప్రిల్ పదకొండు. టాలియా లెక్క వేసుకుని వచ్చింది, మొహం వాడిపోయి ఉంది. కావలసినదానికి అడుగున్నర తక్కువట. మిగిలిన సొంతదార్లు ఎక్కడెక్కడో ఉన్నారు, ఎన్ని ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేదు. ఊళ్ళో ఉండి సంతకం పెట్టనిది నేనొక్కణ్ణే.

"మీ ఇరవై రెండడుగులుంటే ఈ పూటే అయిపోతుంది" అంది.

"వందమంది ముందు మాటిచ్చాను."

"వద్దని మాటివ్వడం కూడా మాటేనా అండీ?"

"అన్నిటికంటే గట్టిది అదే."

కాసేపు కాగితాలు తిరగేసింది. తర్వాత మెల్లగా అంది. "ఆ మెట్లు ఎవరివో తేలి, వాళ్ళు సంతకం పెడితే కూడా చాలు. మెట్లు కలిపితే మనకు కావలసింది కూడా కొంచెం పెరుగుతుంది. అయినా సరే, రెండంగుళాలు మిగులుతాయి."

నేనూ లెక్క వేసి చూశాను. సరిగ్గా రెండంగుళాలే. పిల్లకు లెక్కలు వచ్చు.

ఏప్రిల్ 2, బుధవారం.

ఆలోచించాను. ఆ మెట్లు నెడ్రావే అయితే ఆమే సంతకం పెట్టుకుంటుంది. మండలం వస్తుంది, ఆమె ఇక్కడే ఉంటుంది, నా మాట నాకు నిలుస్తుంది. నేను చేయాల్సిందల్లా మెట్లు నావి కావని ఒప్పుకోవడమే. ముప్పై ఒక్క ఏళ్ళ పట్టు వదలడం నాకేమీ సంతోషం కాదు. కానీ రికార్డు సరిగా ఉండటం ముఖ్యం. నేను వెళ్ళేది రికార్డు కోసం మాత్రమే.

ఏప్రిల్ 3, గురువారం. చూసుకోలేదు.

కౌంటీ కోర్టుకు పద్దెనిమిది మైళ్ళు. భూముల రికార్డులూ అక్కడే ఉంటాయి, వాటి దగ్గర ఐరీన్ ఉంది, ఆమె పాత కుట్టుమిషన్‌కు ఒకప్పుడు మోటారు వేసిచ్చాను. మనసులో ఉన్నది దాచకుండా అడిగాను. "ఐరీన్, ఆ మెట్లు నెడ్రా రూప్‌వని చూపించే కాగితం ఏదైనా ఉంటే వెతికిపెట్టు తల్లీ."

పెద్ద పుస్తకాలు మూడు దించింది. వేలు పెట్టి చదివింది. తర్వాత కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది.

"కాదండీ. మీవే. పందొమ్మిది వందల పందొమ్మిదిలో మీ తాతగారు దీన్ని విడి జాగాగా రాయించారు. ఆయన నుంచి మీ నాన్నకి, మీ నాన్న నుంచి మీకు."

"సరిగా చూడు."

"చూశానండీ. అయినా దీని పన్ను ఏటా మీరే కడుతున్నారుగా."

"నేనా?"

"మీకు రెండు బిల్లులు రావట్లేదా? ఒకటి పెద్దది, ఒకటి చిన్నది."

వస్తాయి. చిన్న బిల్లు పెరట్లో షెడ్డుదనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా అలాగే అనుకుని కడుతున్నాను. ఆ షెడ్డు కూలగొట్టి పదిహేనేళ్ళయింది. అంగుళం తేడా రానివ్వనని ఊరంతా చెప్పుకునే మనిషిని, నా బిల్లు మీద ఏం రాసుందో ఒక్కసారి చదవలేదు.

గెలిచాను. ముప్పై ఒక్క ఏళ్ళ తగాదా గెలిచి కారులో కూర్చున్నాను. తాళం తిప్పడానికి కూడా బుద్ధి పుట్టలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం. 171/101.

బీపీ మిషన్ పాడైంది. బ్యాటరీలు మార్చాలి.

ఏప్రిల్ 7, సోమవారం. 170/100.

కొత్త బ్యాటరీలు కూడా మంచివి కావు.

ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఐరీన్ నోరు మంచిది, అడిగితే తప్ప చెప్పదు. నేను ఊరుకుంటే గడువు దాటిపోతుంది, నా మాట నిలుస్తుంది, ఎవరూ నన్ను వేలెత్తి చూపరు. నెడ్రా ఇవాళ కిటికీ తెరలు దించి ఉతకడానికి వేసింది.

ఏప్రిల్ 10, గురువారం.

కాఫీ తాగడం అయ్యాక లేవబోతుంటే నెడ్రా నా కప్పు కడిగి, తుడిచి, నా ముందు పెట్టింది. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడిన నీలం కప్పు. పద్నాలుగేళ్ళ నుంచి నాకు అందులోనే పోస్తోంది.

"తీసుకుపో. అక్కడ అన్నీ ఒకే రకం కప్పులుండాలట. ఇది పనికిరాదు."

"నాకెందుకు? ఇంట్లో ఉన్నాయి."

"తీసుకుపొమ్మంటున్నాగా."

"వద్దు."

"గ్రీసరూ, నువ్వు దేనికైనా సరే అన్న రోజు ఒక్కటుందా?" నవ్వుతూనే అంది కానీ, పూర్తిగా నవ్వలేదు. కప్పు తీసి గూట్లో ఒక్కదాన్నే పెట్టింది. గూడంతా ఖాళీ.

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నా భార్య డోరీన్ పోయాక ఎనిమిదేళ్ళుగా ప్రతి పొద్దున్నా నాతో మొదట మాట్లాడేది నెడ్రా. మాట్లాడటం అంటే తిట్టడమే. అయినా రోజు మొదలయ్యేది దానితోనే. ఆమె వెళ్ళిపోతే నేను తట్టుకోలేను. ఇదీ విషయం. ఫుట్‌పాతూ కాదు, పూలబుట్టలూ కాదు.

ఏప్రిల్ 11, శుక్రవారం.

టాలియా ఆఫీసు ఐదింటికి మూస్తారు. నాలుగున్నరకు వెళ్ళాను.

"నేనేమన్నానో నీకు గుర్తుందా? గ్రీసర్ దుకాణం సంతకం పెట్టదన్నాను."

"గుర్తుందండీ."

"మెట్లు దుకాణం కాదు."

నోరెళ్ళబెట్టింది. ఐరీన్ ఇచ్చిన నకలు బల్ల మీద పెట్టాను. విడి జాగా, విడి నంబరు, విడి బిల్లు. "దుకాణానికి సంతకం లేదు. అది ఇప్పటికీ మీకు వ్యతిరేకమే. మెట్లకు మాత్రం పెడతాను. చెల్లుతుందా?"

టాలియా ఊరి లాయరుకు ఫోన్ చేసింది. ఆయన చాలాసేపు నవ్వాడట. చెల్లుతుందన్నాడు. పెట్టాను. ఆ పిల్ల బల్ల చుట్టూ వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. "టేపు నలుగుతుంది, వదులు" అన్నాను. జేబులో టేపు లేదు.

ఏప్రిల్ 22, మంగళవారం. 139/86.

కౌన్సిల్ మీటింగు. ఇవాళ లేచి నిలబడలేదు. గుమాస్తా సంతకాల జాబితా ఒక్కొక్కటే చదివాడు. నా పేరు వచ్చింది. "వెండెల్ గ్రీసర్. దుకాణం, ఇరవై రెండడుగులు, సంతకం లేదు. వెండెల్ గ్రీసర్. మెట్లదారి, నాలుగడుగుల రెండంగుళాలు, సమ్మతం." హాలంతా విరగబడి నవ్వింది. మేయరు చేత్తో నోరు మూసుకున్నాడు. రెండంగుళాల తేడాతో గట్టెక్కింది, కౌన్సిల్ సభ్యులంతా సరేనని చేతులెత్తారు. మండలం వచ్చేసింది. ఆగస్టులో బండలు తవ్వుతారు.

నెడ్రా మూడో వరసలో ఉంది. ఆమె నవ్వలేదు. తిరిగి నా వైపు చూసింది.

ఏప్రిల్ 23, బుధవారం.

పళ్ళాలు మళ్ళీ గూళ్ళలోకి వచ్చాయి. హైవే వాళ్ళకు వద్దని చెప్పేసిందట.

"అయితే ఇన్నేళ్ళూ నీ మెట్లు నేను ఊడ్చానన్నమాట" అంది.

"బాగా ఊడ్చావు."

"జీతం?"

"కాఫీకి నేనిచ్చే టిప్పు అదే."

"నువ్వెప్పుడైనా టిప్పిచ్చావా?"

నీలం కప్పులో పోసింది. రెండు సార్లు.

మే 2, శుక్రవారం.

వారం రోజులుగా మెట్ల ముందు నేనొక్కణ్ణే ఊడుస్తున్నాను. నెడ్రా గుమ్మంలోంచి చూసి, "ఓనరు గారూ, ఆ మూల వదిలేశారు" అని లోపలికి వెళ్ళిపోతోంది. పోటీ లేదు, తొందర లేదు, ఎప్పుడు ఊడ్చినా ఒకటే. ఇవాళ పది దాకా దిగలేదు. అడగడానికి ఎవరున్నారు?

గెలవడం నాకు పడలేదు.

మే 9, శుక్రవారం.

నెడ్రాను అడిగాను. కాఫీ కప్పులోకి చూస్తూ అడిగాను. "ఆ మెట్లలో సగం నీ పేరున రాస్తాను."

గరిటె ఆపేసింది. "ఎందుకు?"

"రికార్డు సరిగా ఉంటుంది."

"రికార్డు ఇప్పుడు సరిగానే ఉందిగా."

"ఇంకా సరిగా ఉంటుంది. ఇకమీద ఆ మెట్ల గురించి ఏ కాగితం వచ్చినా ఇద్దరం సంతకం పెట్టాలి. ఒక్కళ్ళు పెడితే చెల్లదు. నీకది ఇష్టమైతేనే."

నా కప్పులో మళ్ళీ కాఫీ పోసింది. తర్వాత, "మంగళవారం రెండింటికి మూసేశాక వస్తా. కారు కడిగించు. ఆ సీట్లో పోయినేడాది స్క్రూలు ఇంకా ఉన్నాయి" అంది.

మే 13, మంగళవారం.

కారు కడిగించాను. కోర్టు ఎదురుగా ఉన్న లాయరు కాగితాలు సిద్ధం చేసి ఉంచాడు. నెడ్రా ఆకుపచ్చ గౌను వేసుకుంది, మెట్లకోసం అంత అవసరం లేదని నేను అనలేదు. లాయరు కుర్రవాడే, చకచకా చదువుకుపోయాడు. ఒకచోట ఆగాడు.

"ఇక్కడొకటి తేల్చాలండీ. మీలో ఒకరు పోయాక, ఆ సగం ఎవరికి? ఉన్న రెండోవాళ్ళకా, పోయినవాళ్ళ వారసులకా? మామూలుగా పక్కపక్క దుకాణాలవాళ్ళయితే వారసులకని రాస్తాం. రెండోవాళ్ళకని రాసుకునేది ఎక్కువగా మొగుడూ పెళ్ళాలే."

నాకు డేటన్‌లో మేనల్లుళ్ళున్నారు, ఆమెకో చెల్లెలుంది. వారసులకే అని చెప్పడానికి నోరు తెరిచాను.

"రెండోవాళ్ళకే" అంది నెడ్రా. నా వైపు చూడలేదు. పిండి బస్తాలు ఎన్ని కావాలో చెప్పేటప్పుడు ఉండే గొంతే అది, కాకపోతే కాస్త మెల్లగా.

లాయరు నా వైపు చూశాడు. తల ఊపాను. చూపించిన చోట సంతకం పెట్టాను. సంతకం కాస్త వంకర పోయింది, ఆ కలం మంచిది కాదు.

తిరిగొచ్చేటప్పుడు పద్దెనిమిది మైళ్ళూ ఇద్దరం ఒక్క మాట పోట్లాడుకోలేదు.